నల్లకాగితం కింద సగం

“ఈ సైజు మా మిషన్లో దూరదు మేడమ్,” అన్నాడు ల్యాబ్ అబ్బాయి. ఫిల్ము చుట్టను రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన బల్లిని చూసినట్టు చూశాడు. “ఈ వెడల్పు ఫిల్ము చేయడం మానేసి ఎన్నేళ్లయిందో. కావాలంటే నిలువునా మధ్యకి కోసేస్తాను. రెండు ముక్కలు చేస్తే పడుతుంది.”

ఆమె ఆ చుట్ట లాక్కుని డబ్బాలో పెట్టి మూత బిగించింది. అలాంటి షాపు అది మూడోది. మొదటివాడు నవ్వాడు, రెండోవాడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. వీడు మాత్రం కత్తెర తీశాడు. ఇక ఎవరి గడపా తొక్కదలచుకోలేదు.

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఎక్స్‌రే అక్క అంటారు. ఇరవయ్యేళ్లుగా ఆ చీకటి గదిలో ఊళ్లో వాళ్ల ఎముకలన్నీ చూస్తోంది. ఎవరి పక్కటెముక ఎప్పుడు విరిగిందో అడిగితే చెప్పగలదు. అడక్కపోయినా చెబుతుందని గిట్టనివాళ్లు అంటారు. పనిలో ఆమెకు ఒకటే చాదస్తం, కుడి ఎడమలు. ఎక్స్‌రే తిరగబడితే మంచి కాలు కోసేస్తారు. అందుకే ప్రతి ఫిల్ము మీదా కుడికో ఎడమకో ఒక సీసం అక్షరం పెట్టేదాకా మీట నొక్కదు. కొత్తగా చేరినవాళ్లు ఆ అక్షరం మరిచారంటే ఆ పూటకి వాళ్ల పని అయిపోయినట్టే. ఈ మాట గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఆ డబ్బా నాన్నది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. పోయి ఎనిమిది నెలలైంది. పనిబల్ల అడుగు సొరుగులో, చిన్న చిన్న పళ్లచక్రాల వెనక దొరికిందది. అందులో కడిగిన ఫిల్ము చుట్టలు పది, ఒక్కోదాని మీద పెన్సిలుతో సంవత్సరం. పదీ ఆమె బడికెళ్లిన పదేళ్లు. బడి తెరిచిన రోజు ఉదయం గేటు దగ్గర నిలబెట్టి నాన్న ఫోటో తీసేవాడు. మడత కెమెరా, వెడల్పు ఫిల్ము. తనే రాత్రి స్నానాలగదిలో కాగితం మీద అచ్చు వేసేవాడు. ఆల్బమ్‌లో ఏడాదికి ఒకటి చొప్పున పది ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఒంటరిగా ఒక పిల్ల, వెనక గోడ, గోడకు ఉత్తరాల డబ్బా.

ఆమెకు కావలసింది ఆ పిల్ల కాదు. వాళ్లమ్మ ముఖం.

అమ్మ వెళ్లిపోయినప్పుడు ఆమెకు నాలుగేళ్లు. ముఖం గుర్తులేదు. ఎంత గింజుకున్నా తెల్లగోడే కనిపిస్తుంది. ఇంట్లో అమ్మది ఒక్క ఫోటో లేదు, అన్నీ మేనత్త ఏరిపారేసింది. నాన్నని అడిగితే కళ్లకున్న భూతద్దం తీసేవాడు కాదు. అత్తని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. “వెళ్లింది. తిరిగి కూడా చూడలేదు.” నలభై మూడేళ్లు వచ్చాయి, ఇప్పటికీ ఆ మాట వింటే ఆమె లేచి వేరే గదిలోకి వెళ్లిపోతుంది. పది చుట్టల్లో ఎక్కడో ఒక మూల, పొరపాటునైనా, అమ్మ పడి ఉండకపోతుందా అని ఆశ. అది తప్ప ఆ డబ్బాతో ఆమెకు పనిలేదు.

ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో స్కానర్ పెట్టుకుని కూర్చుంది. పక్కగదిలో అత్త మంచం మీద ఉంది. ఎనభై రెండేళ్లు. చూపు మసక, ఏదైనా ముక్కు దగ్గర పెట్టుకుంటే గానీ ఆనదు. గోడ మీద నాన్న గడియారాలు ఏడు ఉన్నా ఒక్కటీ కనిపించదు గనక గంటకు నాలుగుసార్లు అడుగుతుంది.

“టైమెంతైందే అమ్మడూ?”

“రెండున్నర అత్తా.”

డబ్బా అడుగున, చుట్టల కింద, నల్లకాగితం ఒకటి కనబడింది. మధ్యలో చదరంగా కిటికీ కోసి ఉంది. నాన్న చేతి కోత, అంచులు బ్లేడుతో గీసినట్టున్నాయి. అచ్చు వేసేటప్పుడు ఫిల్ముకూ కాగితానికీ మధ్య పెట్టేది ఇదే అయ్యుండాలి, చుట్టూ తెల్లంచు రావడానికి. మొదటి చుట్ట విప్పి ఆ కిటికీ కింద పెట్టి చూసింది. ఆల్బమ్‌లోని ఫోటోకు సరిగ్గా సరిపోయింది. కాని ఫిల్ము అక్కడితో అయిపోలేదు. అంతే వెడల్పు ఇంకో సగం నల్లకాగితం కిందే ఉండిపోయింది.

ఆమె కాగితం ఎత్తి ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుంది. నెగటివ్ చదవడం ఆమెకు అన్నం పెట్టే విద్య. ఒక సగంలో పిల్ల, మామూలే. రెండో సగంలో వీధి. దూరంగా దీపస్తంభం. దాని పక్కన గోరంత మనిషి. చేతిలో మడిచిన గొడుగు.

వీధి అన్నాక మనుషులుంటారు, అనుకుంది. రెండో ఏడాది చుట్ట విప్పింది. అదే గొడుగు. ఈసారి స్తంభానికి ఇవతల. మూడో ఏడాది ఇంకా ఇవతల. నెగటివ్‌లో ముఖం నల్లగా, జుట్టు తెల్లగా, కళ్లున్నచోట తెల్లటి చుక్కలు. ఏడో ఏడాదికి ఆ మనిషి ఎదురింటి మెట్ల దాకా వచ్చింది. పదో చుట్ట విప్పబోయి ఆమె చేతులు ఆపేసింది. పట్టపగలు, వీధిలో ఎవరో సైకిలు గంట కొడుతున్నారు, అయినా లేచి వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది. ఏడాదికి నాలుగడుగులు వేస్తూ ఎవరో తనవైపు నడిచి వస్తున్నారు. ఆ సంగతి తెలియక ఆ పిల్ల కెమెరా కేసి నవ్వుతోంది.

నెగటివ్‌లో మనిషిని చూడొచ్చు, ముఖాన్ని పోల్చలేం. స్కాన్ చేయాల్సిందే. అక్కణ్ణుంచి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. స్కానర్‌తో ఇచ్చిన ప్లాస్టిక్ చట్రంలో మామూలు ఫిల్మే పడుతుంది. సరే, చట్రం తానే చేద్దామనుకుంది. పాత క్యాలెండర్ అట్ట కోసి కిటికీ పెట్టింది. ముప్పై ఏళ్లు చుట్టుకుని పడుకున్న ఫిల్ము స్ప్రింగులా ఎగిరి సోఫా కింద పడింది. అట్టలు రెండు అతికించి మధ్యలో ఇరికించింది. ఈసారి మందం ఎక్కువై బొమ్మ మసకబారింది. ఆసుపత్రి స్టోర్లో పాత ఎక్స్‌రే ఫిల్ముల పెట్టెలు ఉన్నాయి, వాటిలో నల్లకాగితం ఎవరికీ పట్టక పడి ఉంది. మర్నాడు అడిగి తెచ్చుకుంది. అయిదు పొరలు వేస్తే మందం కుదిరింది. పైన ఫోటో ఫ్రేములోంచి తీసిన అద్దం బరువు పెట్టింది. ఫిల్మును నాన్న పట్టకారుతో పట్టుకుంది. ఇంత చేస్తే బొమ్మ నిండా నూనె మరకల్లాంటి రంగుల రింగులు. ఫిల్ము నున్నటి వైపు స్కానర్ అద్దానికి తగిలితే అలాగే వస్తాయట. తిరగేసి గరుకు వైపు కిందికి పెట్టింది. రింగులు పోయాయి. అబ్బ, అనుకుంది.

స్కానర్ మూతలో వెలుగు పట్టీ సన్నం. ఇంత వెడల్పు ఫిల్ము ఒక్కసారికి రాదు, సగం సగం తీసి తెర మీద అతికించాలి. పిల్ల ఉన్న సగం ఆల్బమ్‌లో ఉంది గనక ఆమె తొందరపడలేదు. దాచిన సగమే ముందు పెట్టింది. తొమ్మిదో ఏడాది చుట్ట, మూడో బొమ్మ. దాంట్లో గొడుగు మనిషి దగ్గరగా, ఎండలో, ముఖం పైకెత్తి నిలబడి ఉంది.

మూత వేసింది. వెలుగు పాకింది. తెర మీద పైనుంచి కిందికి గీత గీతగా బొమ్మ దిగసాగింది. ముందు జుట్టు, తరవాత నుదురు, తరవాత కనుబొమ్మలు. ఒకటి పైకి లేచి ఉంది.

తెర మీద ఉన్నది తనే.

పోలిక అనుకోవడానికి వీల్లేదు. ఉదయం తల దువ్వుకుంటూ అద్దంలో చూసుకున్న ముఖమే. అదే లేచిన కనుబొమ్మ, అదే వైపు. అదే వైపు కాస్త కిందికి జారిన పెదవి మూల. నలభై దాటిన ముఖం. వంగి చూస్తున్నప్పుడు అద్దంలో తన నీడ పడిందేమోనని ఆమె అద్దం తీసి, తుడిచి, గది తలుపు వేసి, గోడవైపు తిరిగి నిలబడి మళ్లీ స్కాన్ చేసింది. మళ్లీ తనే వచ్చింది. ముప్పై ఏళ్ల కిందటి వీధిలో, చేతిలో గొడుగుతో, తను నిలబడి తనని చూస్తోంది.

ఆమె కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. ఎంతసేపో తెలియదు. పక్కగదిలోంచి “టైమెంతైందే అమ్మడూ?” అని రెండుసార్లు వినపడింది.

భయమేసినప్పుడు పని చేసుకోవడం ఆమెకు అలవాటు. పిల్ల ఉన్న సగం కూడా స్కాన్ చేసి రెండూ తెర మీద అతికించింది. గోడ గోడకు కలిసింది, గేటు ఊచ గేటు ఊచకు కలిసింది. అప్పుడు ఉత్తరాల డబ్బా మీద చూపు పడింది. అది గేటుకు కుడివైపు ఉంది. వాళ్లింటి డబ్బా గేటుకు ఎడమవైపు. ఆల్బమ్ తెరిచి చూసింది. ఎడమే.

తిరగబడింది. ఫిల్ము తిరగేసి పెట్టినప్పుడే బొమ్మ కుడి ఎడమై కూర్చుంది. ఇరవయ్యేళ్లుగా పదిమందినీ తిట్టిపోసిన తప్పు, తన ఇంట్లో, తన చేత్తో తనే చేసింది. ఆసుపత్రిలో తెలిస్తే పండగ చేసుకుంటారు. నవ్వొచ్చింది కూడా, కాని సగంలోనే ఆగిపోయింది.

మీట నొక్కి బొమ్మను సరిచేసింది. డబ్బా ఎడమకు వెళ్లింది. గొడుగు మనిషి కుడికి వచ్చింది. ఇప్పుడు ఆ ముఖం వేరే మనిషిది. ఆమెలాగే ఉంది, కాని ఆమె కాదు. ఆసుపత్రి ఐడీ కార్డులో ఉండే మనిషి, ఎప్పుడు చూసినా “ఈవిడెవరో” అనిపించే మనిషి. అప్పుడు అర్థమైంది. ఎవరి ముఖం వాళ్లకు అద్దంలో తిరగబడే తెలుసు. తిరగబడ్డ అమ్మని చూసి తనే అనుకుంది. అమ్మ ముఖం గుర్తులేదని ఇన్నేళ్లు ఏడ్చింది గానీ, రోజూ పొద్దున్నే దానికి బొట్టు పెట్టి, జడ వేసి, డ్యూటీకి పంపుతూనే ఉంది.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. చిన్నప్పుడు అన్నం తింటుంటే, చదువుతుంటే, ఊరికే కూర్చున్నా అత్త ఒకటే అనేది. “ఆ కనుబొమ్మ దించు.” ఎందుకో చెప్పేది కాదు. దించి దించి ముఖం కండరాలు నొప్పెట్టేవి.

నాన్న మాటలు కూడా ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. జరుగు, ఇంకొంచెం జరుగు, గోడ పక్కకి. అటు చూడకు. నన్నే చూడు. ఒక ఫోటోకి అరగంట పట్టేది. కళ్లు మూసుకుని గడియారం ముల్లు బిగించే మనిషి ఆ ఒక్క రోజు కెమెరా ముందు చేతకానివాడిలా తడబడేవాడు. మడత తెరిచేవాడు, మూసేవాడు, వెలుగు చాలదనేవాడు. చుట్టలో ఎనిమిది బొమ్మలు పడతాయి. పదేళ్లూ ఎనిమిదికి ఎనిమిదీ అదే ఫోటో తీశాడు. అచ్చు వేసింది ఒక్కటే. మిగతా ఏడూ ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఒక మనిషి నిలబడి కళ్లారా చూసుకోవడానికి.

రెండు బొమ్మలూ కాగితం మీద తీసి అత్త దగ్గరికి వెళ్లింది. ముందు తిరగబడ్డది ఇచ్చింది. అత్త ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

“నువ్వే కదే. గొడుగెక్కడిది?”

రెండోది ఇచ్చింది. అత్త అది కూడా అలాగే పట్టుకుంది. కాసేపటికి కాగితాన్ని బోర్లించి దుప్పటి మీద పెట్టి దానిమీద చెయ్యి వేసింది.

“ఎక్కడ దొరికింది నీకిది?”

“నాన్న సొరుగులో. తిరిగి కూడా చూడలేదన్నావు కదత్తా.”

అత్త గోడకేసి చూస్తూ చెప్పుకుపోయింది. “నాకూ మీ అమ్మకీ పడలేదు. ఓ రోజు మాటా మాటా పెరిగి వెళ్లిపోయింది. ఎనిమిది నెల్లకి వచ్చి తలుపు కొట్టింది. నేనే తియ్యలేదు. మీ నాన్న లోపలే ఉన్నాడు, వాడూ లేవలేదు. తర్వాత రోజూ వీధి చివర నిలబడేది. జనం చూస్తున్నారు. అప్పుడు నేనే చెప్పా. ఏడాదికోసారి రా, దూరం నుంచి చూసుకుని పో, పిల్లకి తెలీకూడదు. తెలిసిందంటే అదే ఆఖరు.”

“పదేళ్లే వచ్చింది. తర్వాతేమైంది?”

“నువ్వు తిరిగావు,” అంది అత్త.

పదో చుట్ట ఇంకా విప్పనేలేదు. ఆమె ముందుగదిలోకి వెళ్లి విప్పింది. ఏడు బొమ్మల్లో పిల్ల కెమెరా కేసి చూస్తోంది, గొడుగు మనిషి గేటు అవతలి స్తంభం దగ్గర, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఎనిమిదోది చట్రంలో పెట్టి రెండు సగాలూ తీసి అతికించింది. ఆ చెయ్యి చాచి ఉంది. వేళ్లు పిల్ల జడకు తగులుతున్నాయి. పిల్ల తల మసకగా ఉంది, అటు తిరుగుతూ కదిలిపోయింది.

ఆ ఉదయం ఎప్పుడూ మరిచిపోలేదామె. అది ఆ ఉదయమని తెలియదంతే. జడ ఎవరో ముట్టుకున్నట్టనిపించి తిరిగి చూసింది. ఎవరో ఒకావిడ. ఎండ కళ్లలో పడి ముఖం సరిగా కనిపించలేదు. ఆవిడ చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని అడిగింది.

“టైమెంతైంది పాపా?”

కొత్తవాళ్లతో మాట్లాడొద్దని ఇంట్లో కట్టడి. పెద్ద పరీక్ష పెట్టినట్టు బుద్ధిగా జవాబు చెప్పింది. “మా నాన్ననడగండి. ఆయన గడియారాలు బాగుచేస్తారు.” చెప్పి మళ్లీ కెమెరా వైపు తిరిగింది. నాన్న చేతి గడియారం చూసి టైము చెప్పాడు. ఆయన గొంతు ఏదోలా ఉంటే జలుబు చేసిందనుకుంది. ఆవిడ నడిచి వెళ్లిపోయిన చెప్పుల చప్పుడు కూడా విన్నది. తిరిగి చూడలేదు.

అమ్మ తనతో ఒక్క మాట మాట్లాడింది. తనేమో నాన్ననడగమంది.

“బతికుందా?” అని తలుపు దగ్గర్నుంచే అడిగింది.

“ఇంకో రెండేళ్లు. కబురొచ్చింది. మీ నాన్న వెళ్లొచ్చాడు, పని మీద అని నీకు చెప్పాం.” అత్త చేతులు బోర్లించిన కాగితాన్ని వదల్లేదు. “ఆ కనుబొమ్మ చూస్తే నాకు భయమేసేదే అమ్మడూ. అది మళ్లీ వచ్చి నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నట్టుండేది.”

క్షమించానని ఆమె అనలేదు. నిజానికి క్షమించలేదు కూడా. ముందుగదికి వచ్చి తొమ్మిదో ఏడాది బొమ్మను తెర మీదికి తెచ్చి, మీట నొక్కి మళ్లీ తిరగేసింది. ఉత్తరాల డబ్బా తప్పు వైపుకు పోయింది. అద్దంలోని ముఖం తిరిగొచ్చింది. ఏ అక్షరమూ పెట్టకుండా అలాగే దాచుకుంది. ఇరవయ్యేళ్లలో తెలిసి తెలిసి తిరగేసి వదిలిన ఫిల్ము అదొక్కటే. తరవాత నాన్న కోసిన నల్లకాగితం తీసి, చింపబోయి, చింపలేక, డబ్బా అడుగున పెట్టేసింది. పాపం ఆయన మాత్రం, దాచినట్టే దాచి ఒక్క ముక్కా పారేయలేదు.

గోడ మీది అద్దంలో కనుబొమ్మ లేచి ఉంది. దించలేదు.

“టైమెంతైందే అమ్మడూ?”

ఆమె ఇంకా అద్దం వైపే తిరిగి ఉంది. మా నాన్ననడుగు, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క క్షణం ఆ మాట అనేసేదే. గుమ్మంలోకి వెళ్లి పూర్తిగా అత్త వైపు తిరిగి నిలబడి, మంచం మీద కూర్చుని ఎటో చూస్తున్న ఆ ముసలి ముఖాన్ని కిటికీ ఎండలో బాగా చూసింది.

“నాలుగుంపావు అత్తా,” అంది.